ఎర్రగుడ్డ కట్టిన వైపు

పోయిన వారం ఆమెను చలిగదిలో వదిలేసి వచ్చాం. ఒంటి మీద స్వెటరు లేదు. ఎదురుగా అరలో, అఖాతం అడుగు నుంచి తీసిన బురద గొట్టం. వెనక, తలుపు తెరుచుకున్న చప్పుడు. ఈ వారమంతా మనం మన పనులు చూసుకున్నాం గానీ, ఆమెకు ఆ క్షణం ఇంకా గడవలేదు.

ఆమెను ల్యాబులో బురద డాక్టరమ్మ అంటారు. అఖాతం అడుగున పొరలు పొరలుగా పేరుకున్న బురదను గొట్టాల్లో పైకి తీసి, ఏ కాలంలో ఆ నీళ్లలో ఏ విషం కలిసిందో చెప్పడం ఆమె పని. పుట్టింది ఆ అఖాతం ఒడ్డునే, పడవలు బాగుచేసే మేస్త్రికి. మెట్టింది, అఖాతం మీద మొట్టమొదటి నివేదిక రాసిన మాస్టారింట్లో. రంగుల ఫ్యాక్టరీ రాకముందే ఈ నీళ్లు చచ్చిపోయాయనీ, చంపింది పడవల షెడ్లలో వాడే రంగులూ సీసమూ అనీ, ఫ్యాక్టరీ వచ్చాక నిజానికి కాస్త తేరుకున్నాయనీ ఆ నివేదిక తేల్చింది. ఇప్పుడు ఆ ముక్క పట్టుకునే షెడ్లు మూయించాలని విచారణ వేశారు. ఆఖరి వాదనలూ తీర్పూ ఎల్లుండే. మూతపడేవాటిలో మొదటిది వాళ్ల నాన్నది.

నిన్నటిదాకా ఆమె కూడా ఆ నివేదికను నమ్మింది. నమ్మడం అన్నది చిన్నమాట. చిన్నప్పుడు బడి దగ్గరికి నాన్న వస్తే, ఆయన గోళ్లలో ఇరుక్కున్న ఎర్రరంగు ఎవరి కంటా పడకుండా తానే ముందు పరుగెత్తేది. అఖాతాన్ని చంపిన చేతులు అవి. ఆ చేతులే తనకు జడ వేసేవి.

ఇక ఆమె అరలో చూసిన సంగతి. గొట్టం పైకి తీయగానే పైకొసకు ఎర్రగుడ్డ, అడుగుకొసకు తెల్లగుడ్డ కట్టడం ఆ ల్యాబు రివాజు. తర్వాత దాన్ని ఎలా పడుకోబెట్టినా, ఎటు మోసుకెళ్లినా, ఎర్రగుడ్డ ఉన్నవైపే ఆకాశం. మాస్టారు నివేదిక రాసిన ఏడు అఖాతంలో పక్కపక్కనే జంట గొట్టాలు దింపారు. ఒకదాన్ని కోసి పరీక్షలు చేశారు. రెండోదాన్ని కోయకుండా సాక్షిగా దాచారు. గుడ్డలు రెండింటికీ ఒకేసారి కట్టినవే. ఆ సాక్షి గొట్టంలో, ప్లాస్టిక్ గోడలోంచి వేలెడు మందాన ఒక చార కనిపిస్తుంది. ఏనాటిదో పెద్ద తుపాను గుర్తు. తుపాను అడుగునంతా కెలికి వదిలేస్తే, ముందు బరువైనవి దిగుతాయి: ఇసుక, చితికిన గవ్వలు. మెత్తటి బురద తీరిగ్గా వాటి మీద సర్దుకుంటుంది. గ్లాసులో మట్టినీళ్లు పోసి పెట్టినా జరిగేది అదే. ఈ గొట్టంలో మాత్రం ఎర్రగుడ్డ వైపు గవ్వలున్నాయి, వాటి కింద మెత్తటి బురద. అలా జరగాలంటే సముద్రమైనా తలకిందులు కావాలి, గొట్టమైనా కావాలి.

గొట్టం తలకిందులైతే అఖాతం చరిత్రంతా తలకిందులే. ముందు బతికున్న నీళ్లు, తర్వాత చావు. నాన్న కాలంలో బతుకు, ఫ్యాక్టరీ కాలంలో చావు.

“స్వెటరు మర్చిపోయావమ్మా,” అన్నారు మాస్టారు గుమ్మంలోంచి.

సరిగ్గా అప్పుడే లైటు ఆరిపోయింది. చలి పాడవకుండా చలిగది లైటు కాసేపటికి దానంతటదే ఆరిపోతుంది. మళ్లీ వెయ్యాలంటే స్విచ్చి గోడ మీద ఉండదు. అరల వెనక, మోకాలి ఎత్తున, ఇనపస్తంభం చాటున ఉంటుంది. దాన్ని బిగించిన ఎలక్ట్రీషియన్‌కి మనుషులు దూరే తలుపుకీ పిల్లి దూరే కంతకీ తేడా తెలియదని ల్యాబులో పాతజోకు. కొత్తగా చేరినవాళ్లు గోడంతా తడిమి, తడిమి, చివరికి సిగ్గు విడిచి కేకేస్తారు. ఆమె కూడా కేకేసింది ఒకప్పుడు.

మాస్టారు వంగి లైటు వేశారు. స్వెటరు ఆమె భుజాల మీద కప్పారు. చూపు అర మీదకి వెళ్లి వచ్చింది. అంతే, ఒక్కసారి.

“ఆ గొట్టం జోలికి వెళ్లకు. రా, భోజనానికి వేళైంది.”

స్వెటరు వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనమే ఆమెకు గుచ్చుకుంది. ఈయన స్వెటరు తెచ్చిచ్చాడా, స్వెటరు వంకతో నేనేం చూస్తున్నానో చూడ్డానికి వచ్చాడా? అనుమానం పుట్టాక మంచితనం ఎంత ఎక్కువైతే అంత భయం వేస్తుంది. కోపిష్టి మామగారయితే ఎంత సుఖంగా ఉండేదో అనుకుంది ఆమె, ఆయన వెనకే నడుస్తూ.

*

మాస్టారి గదిలో కిటికీ తెరిస్తే అఖాతం కనిపిస్తుంది. ఆయన కిటికీ తెరవరు. వాసన పడదంటారు. బల్ల మీద, వీధి అవతలి ఇంటి నుంచి వచ్చిన క్యారేజీ ఉంది, గుడ్డలో మూటకట్టి. మూట మీద అత్తగారి ముడి.

ఆ ముడి ఇంట్లో అందరికీ తెలుసు. గట్టిగా బిగించి, కొస మడిచి, ఆ మడతను కట్టు కిందికి దోపుతుంది అత్తగారు. చిన్న కుందేలు చెవిలా నిక్కుతుంది. ఆ చెవి పట్టుకుని లాగితే మొత్తం ఒక్కసారిగా ఊడి వస్తుంది. డబ్బాల మూతుల మీద, గొడుగు మీద, పాత దుప్పట్ల మూటల మీద, ఇంటినిండా చెవులే. “మా అమ్మ ఎక్కడికక్కడ చెవులు పెడుతుంది, జాగ్రత్తగా మాట్లాడు,” అని పెళ్లైన కొత్తలో ఆమె భర్త నవ్వించేవాడు.

మాస్టారు మూట వంక చూడకుండానే చెవి పట్టుకుని లాగారు. గుడ్డ విచ్చుకుంది.

“ఎంతకాలం నుంచి తెలుసు మీకు?” అంది ఆమె.

“ఏది?”

“తుపాను చార.”

“చారకేమమ్మా, నిక్షేపంలా ఉంది.”

“మామయ్యగారూ.”

“కూర్చో. ఖాళీ కడుపుతో పోట్లాడితే మాటలు పుల్లగా వస్తాయి. ఇద్దరికీ సరిపడా పంపింది మీ అత్తయ్య.”

ఆమె కూర్చోలేదు. “గవ్వలు పైన, బురద కింద. మొదటి ఏడాది పిల్లలకి మీరు గ్లాసు పెట్టి చూపించే పాఠం అది. మీకు తెలియలేదంటే నమ్మమంటారా?”

“గొట్టం గోడకి రాసుకుపోయిన బురదను చూసి చరిత్ర రాయకూడదని కూడా అదే ఏడాది చెబుతాను.” ఆయన గిన్నెలు ఒక్కొక్కటే విడదీస్తున్నారు. “కోసి చూస్తే తప్ప అది సాక్ష్యం కాదు.”

“అయితే కోద్దాం.”

“సాక్షి గొట్టం కోయాలంటే తీయించినవాడి సంతకం కావాలి.”

“పెట్టండి.”

“పెట్టను.”

ఇంత తేలిగ్గా అంటాడని ఆమె అనుకోలేదు. ఎదుటివాడు నసుగుతాడనీ, తాను నిలదీయాలనీ రాత్రంతా మాటలు పేర్చుకుని వచ్చింది. ఆ మాటలన్నీ గుమ్మంలో చెప్పులు వదిలేసి నిలబడ్డట్టు నిలబడిపోయాయి.

“అత్తయ్యగారి అన్నయ్య కోసమా?” అనేసింది. అత్తగారి అన్న రంగుల ఫ్యాక్టరీలో మేనేజరు. ఎల్లుండి విచారణలో ఫ్యాక్టరీ తరఫున నోరు విప్పేది ఆయనే.

మాస్టారు గట్టిగా నవ్వారు. నిజంగానే నవ్వొచ్చింది ఆయనకు. “మా బావమరిది కోసం నేను గొడుగు కూడా తిప్పను, గొట్టం తిప్పుతానా! పెళ్లినాడు వాడు నాకిచ్చిన వాచీ ఆ వారమే ఆగిపోయింది. అప్పటినుంచీ మా ఇద్దరి మధ్యా కాలం కదల్లేదు.”

“మరి ఎవరు తిప్పారు మాస్టారూ?”

మామయ్యగారు పోయి మాస్టారు వచ్చేశారు నోట్లోకి. పెళ్లికి ముందు పిలుపు అది. ఇద్దరూ గమనించారు. ఆయన చేతిలోని మూత బల్ల మీద పెట్టారు.

“మీ షెడ్డులో పడవకి ఎర్రరంగు ఎక్కడ పూస్తారు?”

“అడుగున. నీళ్లలో మునిగే మేర.” అనేశాక ఆమె నోరు అలాగే ఉండిపోయింది.

“ఆ రోజు నేను పడవ ఎక్కలేదు,” అన్నారాయన నెమ్మదిగా. “ఎక్కాననుకో. ఎక్కిన ఆ కాసేపట్లోనే కడుపులో ఉన్నదంతా అఖాతానికి సమర్పించుకున్నాను. సముద్రం మీద ఇన్ని రాసినవాడు తొట్టిలో నీళ్లు ఊగినా తట్టుకోలేడని ఎవరికైనా చెబితే నవ్వుతారు. మేస్త్రి నన్ను ఎత్తుకున్నంత పని చేసి గట్టు మీద దింపాడు. గుడ్డలు ఆయన చేతిలో పెట్టాను. ఎర్రది ఒకవైపు, తెల్లది ఒకవైపు కట్టించమన్నాను. ఏది ఎటో చెప్పానా? చెప్పాననే అనుకున్నాను ఇన్నేళ్లూ. కానీ కళ్లు మూసుకుని తల్చుకుంటే నా గొంతు నాకు వినపడదు. వాంతి ఒక్కటే గుర్తొస్తుంది.”

“నాన్నకి…”

“మేస్త్రికి పుట్టిన దగ్గర్నుంచీ ఎర్రదంటే అడుగు. పడవకైనా, దేనికైనా. నాకేమో ఎర్రదంటే తల. ఇద్దరం ఎవరి అలవాటు ప్రకారం వాళ్లం తప్పు చెయ్యలేదు.”

ఎప్పుడూ బావగారు అనే మనిషి మేస్త్రి అంటున్నాడు. ఆమెకు అది వినిపించింది గానీ పట్టించుకునే స్థితిలో లేదు. మనసు అప్పటికే షెడ్డులోకి వెళ్లిపోయింది. బోర్లించిన పడవల వరస. ఎర్రటి కడుపులు ఎండలో. కుంచె డబ్బాలో ముంచుతూ నాన్న, “తల్లీ, మునిగేదానికే రంగు. తేలేదానికి దేనికి?” అనేవాడు. ఆ చేతికి ఒక ఎర్రగుడ్డ ఇస్తే ఎటు కడుతుంది? అడగక్కర్లేదు. తన షెడ్డుకు తాళం వేసే చేయి ఆయనదే. ఆ రోజు పడవ మీద, ఈలవేసుకుంటూ, తన మెడకు తానే కట్టుకున్నాడన్నమాట గుడ్డ.

అంతా అతికినట్టు సరిపోయింది. అంత చక్కగా సరిపోవడమే ఆమెకు ఎక్కడో కలుక్కుమంది.

“పడవలో ఇంకెవరు ఉన్నా…”

“ఎవరూ లేరు.”

ప్రశ్న పూర్తికాకముందే వచ్చింది జవాబు. పాఠం చెప్పేటప్పుడు ఏ ప్రశ్న అడిగినా కళ్లజోడు తుడుచుకుని గాని మాట్లాడని మనిషి.

“సరే. ఈ సంగతి తెలిశాక ఎందుకు చెప్పలేదు?”

“ఎవరికి చెప్పను? విచారణలో ఫ్యాక్టరీ లాయరు అడిగే మొదటి ప్రశ్న, గుడ్డ కట్టింది ఎవరు అని. షెడ్డు మేస్త్రి అంటాను. ఓహో, షెడ్డు పోతుందనేసరికి అప్పుడు నేనే తిరగేశాను అంటున్నాడన్నమాట, పక్కన కూతురు వంత పాడుతోంది, వియ్యంకుడు తాళం వేస్తున్నాడు అంటాడు. కచేరీ అయిపోతుందమ్మా. నిజం నవ్వులపాలైతే అబద్ధం కన్నా హీనం. మీ నాన్న మంచివాడన్న పేరైనా మిగలనీ.”

“షెడ్డు పోయాక పేరు పెట్టుకుని ఏం చేస్తాడు, నీళ్లలో ముంచుకుంటాడా?”

ఆయన కంచంలో వడ్డించుకున్నారు. ముద్ద కలిపారు.

“ఎప్పుడు తెలిసింది మీకు? మా పెళ్లికి ముందా, తర్వాతా?”

ముద్ద నోటిదాకా వెళ్లి ఆగింది. ఆగి, కంచంలోకి దిగింది.

“ముందు,” అన్నారు మాస్టారు.

*

ఆమెకు ఒక జ్ఞాపకం ఉంది. చాలా దిగులుగా ఉన్న రోజుల్లో బయటికి తీసి చూసుకునే జ్ఞాపకం. ఊరంతా గౌరవించే మాస్టారు, తెల్ల ప్యాంటు వేసుకుని, పడవల షెడ్డుకి సంబంధం అడగడానికి వచ్చాడు. కుర్చీ లేక బోర్లించిన పడవ మీద కూర్చోబెట్టారు. రంగు ఆరలేదు. లేచేసరికి వెనకంతా ఎర్రగా. అమ్మ నాలుక కరుచుకుంది, నాన్న గుడ్డ కోసం పరుగెత్తాడు. ఆయన మాత్రం వెనక్కి తిరిగి చూసుకుని, “సంబంధం ఖాయమైనట్టే, ముద్ర కూడా పడింది,” అన్నాడు. షెడ్డంతా నవ్వింది. తన చదువునూ, తండ్రి పనినీ ఒకేసారి గౌరవించిన మనిషని ఆమె ఆ క్షణంలోనే ఆ ఇంటికి కోడలైపోయింది. అబ్బాయిని చూసింది ఆ తర్వాత.

ఇప్పుడు అదే జ్ఞాపకాన్ని తీసి చూస్తే, అందులో మాస్టారు నవ్వుతూ తన ప్యాంటు చూసుకోవడం లేదు. పడవ అడుగు చూస్తున్నాడు.

తెలిసే వచ్చాడా? చేసిన అన్యాయానికి పరిహారంగా పిల్లను ఇంటికి తెచ్చుకున్నాడా? లేక ఎప్పటికైనా ఈ గొట్టం చూడగల పిల్ల ఊరు మొత్తానికి ఒక్కతే ఉందని, దాన్ని కళ్లెదుట పెట్టుకున్నాడా? ప్రేమకూ కాపలాకూ తేడా బయటికి కనపడదు. రెండూ గుమ్మంలో నిలబడి ఎప్పుడొస్తావని అడుగుతాయి. రెండూ స్వెటరు తెచ్చిస్తాయి.

నాన్నకి ఫోను చెయ్యొచ్చు. వేలు ఆ పేరు దాకా వెళ్లింది కూడా. గుడ్డలు కట్టింది నువ్వేనా అని అడిగితే ఆయన అబద్ధం చెప్పడు. భయం అందుకే. ఔనంటే, ఇన్నేళ్లూ పెట్టుకున్న సిగ్గుకి బదులు ఇప్పుడు జాలి పెట్టుకోవాలి ఆయన మీద. జాలి కన్నా సిగ్గే నయం, అది కనీసం కోపం తెప్పిస్తుంది.

ఆమె ఫోను జేబులో వేసేసింది. నాన్నను అడగక్కర్లేకుండా తేల్చే దారి ఒకటి ఉందని అప్పుడు తట్టింది. చాలా చిన్నది. నిన్నా ఇవాళా కళ్లన్నీ చార మీదే ఉండి చూడనిది.

“నేను ముడి చూసి వస్తాను,” అంది.

“ఏ ముడి?”

“గుడ్డ మీద ముడి. నాన్న కడితే అది పడవ ముడి. లాగేకొద్దీ బిగుస్తుంది, కోస్తే తప్ప ఊడదు. నిద్రలో కూడా ఆయన చేతికి వేరే ముడి రాదు.”

మాస్టారు కంచం వంకే చూస్తున్నారు. “భోంచెయ్యమ్మా ముందు,” అన్నారు. ఆ గొంతులో పాఠం లేదు, చమత్కారం లేదు. వయసు మాత్రం ఉంది.

ఆమె తలుపు దగ్గరకు వేసి వచ్చేసింది. మలుపు తిరుగుతుంటే వెనకాల గదిలో ఆయన ఫోను అందుకున్న చప్పుడు వినిపించింది.

*

చలిగదిలో వంగి స్విచ్చి వేసింది. ఆమె చేతికి ఇప్పుడు ఆ స్తంభం చాటు అలవాటే, కానీ అలవాటు కావడానికి ఒక ఎండాకాలం పట్టింది.

గొట్టాన్ని అరలోంచి లాగింది. ఎర్రగుడ్డ కొస గోడవైపుకి తోసి ఉంది ఇన్నాళ్లూ. ఎవరైనా వచ్చి చూస్తే చార కనపడుతుంది గాని ముడి కనపడదు. బరువుగా ఉంది. నేల మీద నిలబెడితే ఆమె నడుమును దాటి వచ్చింది.

ముందు తెల్లగుడ్డ పైకి వచ్చేలా నిలబెట్టింది. ముడి చూసే ముందు ఒక్కసారి, అఖాతాన్ని దాని కాళ్ల మీద అది నిలబడగా చూడాలనిపించింది.

అట్టడుగున లేత బూడిదరంగు. అందులో సన్నటి నారపోగులు. అప్పట్లో అడుగంతా గడ్డి ఉండేదని, ఆటుకి నీళ్లు తీసినప్పుడు ఆవులు దిగి మేసేవని ముసలివాళ్లు చెబితే పిల్లలు నవ్వేవాళ్లు. దాని మీద ఆల్చిప్పల తెల్లటి వరస, ఎవరో పళ్లు బయటపెట్టి నవ్వినట్టు. తర్వాత తుపాను చార, ఇప్పుడు సరిగ్గా, గవ్వలు కింద, మెత్తటిది పైన. ఆ పైన అక్కడక్కడ ఎర్రటి నలుసులు. ఆమె దగ్గరికి వంగి వాటిని చూసింది. అవి నాన్నవే. లేవని అబద్ధం చెప్పడానికి లేదు. కానీ నలుసులు, అంతే. వాటి పక్కనే ఆల్చిప్పలు ఇంకా బతుకుతూనే ఉన్నాయి. అక్కణ్నుంచి పైకి ఆల్చిప్పలు లేవు, పోగులు లేవు. ఒక నీలపు గీత. ఒక ఊదా గీత. ఫ్యాక్టరీలో ఏ రంగు బట్ట అద్దుతున్నారో ఒడ్డున అల చూసి చెప్పేవాళ్లు ఆమె ఈడు పిల్లలు, అది వాళ్లకు ఆట. ఆరేసిన తెల్లచొక్కా మర్నాటికి గులాబీ రంగైతే, దుకాణంలో కొనలేని రంగు ఉత్తినే వచ్చిందని సంబరపడేది అమ్మ. ఆ పైన నలుపు. ఆ పైన ఇంకా నలుపు, నిగనిగలాడుతూ, తెల్లగుడ్డ దాకా.

ఇన్నేళ్లూ ఈ నలుపునే అడుగున పెట్టి, పాత పాపం అని రాశారు. ఆ రాతే తానూ చదివి, పరీక్షల్లో రాసి, మార్కులు తెచ్చుకుంది.

గొట్టాన్ని జాగ్రత్తగా తిప్పింది. ఎర్రగుడ్డ పైకి వచ్చింది, ఆమె కళ్లకు దగ్గరగా. రంగు వెలిసి ఇటుకపొడిలా ఉంది. పురికొస చుట్లు బిగువుగా, ఒకదాని పక్కన ఒకటి. వేలితో దుమ్ము తుడిచింది. నాన్న ముడే కావాలని కోరుకుంటోందో, కాకూడదని కోరుకుంటోందో ఆమెకే తెలియలేదు. నాన్నదైతే పొరపాటు. కాకపోతే, కావాలని తిప్పిన మనిషి.

చుట్ల కింద, మడిచి దోపిన కొస. చిన్న చెవి.

కాసేపు ఆమె దాన్ని చూడలేదు, వింది. ఇంటినిండా చెవులే, జాగ్రత్తగా మాట్లాడు. డబ్బాల మీద, గొడుగు మీద, రోజూ మధ్యాహ్నం మాస్టారు చూడకుండానే లాగే మూట మీద. ఇన్నేళ్లుగా ఆ చెవిని లాగుతున్న వేళ్లకు, అరలో ఉన్న ఈ చెవి తెలియదా? తెలిసే గోడవైపు తోశాయా? మేస్త్రిని అడ్డం పెట్టింది ఎవర్ని కాపాడటానికి?

కానీ అత్తగారు ల్యాబుకు రాదు. ఎప్పుడూ రాలేదు. బురదకంపు పడదని ఆ గుమ్మం తొక్కనంటుంది. పెళ్లిళ్లలో ఎవరైనా మీ ఆయన ఏం చేస్తారంటే, “బురదలో వెతుక్కుంటారు, ఏం పోగొట్టుకున్నారో నాకూ చెప్పలేదు,” అని నవ్విస్తుంది. గొట్టం అంటే నీళ్ల గొట్టం అనుకునే మనిషి.

లైటు ఆరిపోయింది.

చీకట్లో గొట్టం రెండు చేతులా పట్టుకుని ఉంది ఆమె. వదిలితే పడిపోతుంది. వదలకపోతే స్విచ్చి అందదు. ఎవరినైనా కేకేద్దామా అనుకుంటుండగా తలుపు తెరుచుకుంది. వసారా వెలుతురులో ఒక ఆకారం, చేతిలో చుట్టిన గొడుగు. తలుపు వెనకాలే మూసుకుంది. మళ్లీ చీకటి. ఒక్క అడుగు చప్పుడు. గోడ తడిమిన చప్పుడు లేదు. చీర కుచ్చెళ్లు వంగిన చప్పుడు, అరల వెనక, కిందికి, స్తంభం చాటుకి.

లైటు వెలిగింది.

“మీ మామగారు తినకుండా చెయ్యి కడిగేసుకున్నారట,” అంది అత్తగారు నడుం మీద చెయ్యి వేసుకుని లేస్తూ. వేగంగా నడిచి వచ్చినట్టుంది, ఆయాసపడుతోంది. కోడలి మొహం వంక చూడలేదు. చూపంతా గొట్టం మీదే. ఎర్రగుడ్డ పైన ఉంది, తెల్లగుడ్డ నేల మీద, ల్యాబు రివాజు ప్రకారం ఎలా ఉండాలో అలా.

“ఏమ్మా, ఇంత చదివావు,” అంది, మెల్లగా, బిడ్డను ఎత్తుకోవడం రాని తల్లికి చెప్పినట్టు. “ముందు దాన్ని తిప్పి పట్టుకో. తలకిందులుగా ఉంది.”